పరిష్కారము కారణమునకు జవాబు కావలెను

ఆంగ్లమున ఒక సమస్యను వివరించి పరిష్కారమును సూచింపుమని అడిగినప్పుడు, మన విద్యార్థులలో అనేకులు, విషయము కాలుష్యమైనను నిరుద్యోగమైనను, ప్రభుత్వము తగిన చర్యలు తీసికొనవలెననియు ప్రజలలో చైతన్యము రావలెననియు కంఠస్థ వాక్యములతో ముగించుచుండుట, ఆలోచనను క్రమపఱచు విధమును మనము వారికి నేర్పకపోవుటవలననే జరుగుచున్నదని నా దృఢాభిప్రాయము.

ఇట్టి రచనకు పరిస్థితి, సమస్య, ప్రతిక్రియ, మూల్యాంకనము అను నాలుగంగములు గలవని బ్రిటిష్ భాషాశాస్త్రజ్ఞుడు మైకేల్ హోయి 1983లో వెలువడిన తన గ్రంథమున వివరించెను. ఈ పేర్లను బోర్డుపై వ్రాయుట సులభమే. వానిని కలుపు సంబంధమును చూపుటయే కష్టము.

నల్గొండ ప్రాంతపు ఫ్లోరైడ్ నీటినే తీసికొందము. నీరు చెడిపోయినది కావున ప్రజలకు అవగాహన కల్పింపవలెనని బాలుడు వ్రాసినచో, ఎఱ్ఱసిరాతో కొట్టివేయక, ఈ ఫ్లోరైడ్ ఎచ్చటనుండి వచ్చినదని ఉపాధ్యాయుడు అడుగవలెను. అది గ్రానైటు శిలలనుండి భూగర్భజలములో కరిగి వచ్చుచున్నదని తెలిసినంతనే, మరింత లోతుగా బోరు వేయుట ఫలింపదనియు, కృష్ణాజలమును తెచ్చుట యుక్తమనియు, అందులకగు వ్యయమును ఎవరు భరింపవలెనో కూడ చెప్పవలసియుండుననియు అతనికే తోచును. అప్పుడు ‘బికాజ్’, ‘దేర్‌ఫోర్’ వంటి పదములు అవసరమువలననే వచ్చి తమ తావులలో కుదురుకొనును.

ఈ చర్చ మొదట తెలుగున జరుగుటకు సంకోచింపనక్కఱలేదు. పరీక్షలలో సైతము, వ్యాకరణముతోపాటు, సూచించిన పరిష్కారము చెప్పిన కారణమునకు సరిపడుచున్నదా యను దానికిని మార్కులు కేటాయింపవలెను. లేనిచో గైడు పుస్తకములలోని వాక్యములనే పిల్లలు వల్లించుచుందురు.