సముద్ర శాస్త్ర విద్యకు ‘స్థానికత’ చిక్కు
భిలాయ్ తెలుగు పట్టభద్రులకు కేంద్ర సంస్థలే దిక్కు

సముద్ర పరిశోధనకు కేంద్రం భారీగా నిధులు కేటాయించిన నేపథ్యంలో, ఆ రంగంలో ఉన్నత విద్య ఎవరికి అందుబాటులో ఉన్నదన్న ప్రశ్న ప్రాధాన్యం సంతరించుకున్నది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.4,077 కోట్ల అంచనాతో డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది. ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకువెళ్ళగల ‘మత్స్య-6000’ జలాంతర్గామి వాహనం ఇందులో భాగమే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరికలు జారీచేస్తున్నది. ఇటువంటి సంస్థలన్నింటికీ భౌతిక, గణిత శాస్త్రాలలో గట్టి పునాది గల యువకులు కావాలి. అటువంటి యువకులు తీరంలోనే ఉంటారన్న నియమమేమీ లేదు.

ఛత్తీస్‌గఢ్‌కు సముద్రతీరం లేదు. అయినా విమానవాహక నౌక విక్రాంత్ నిర్మాణానికి సెయిల్ సరఫరా చేసిన సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కులో భిలాయ్ కర్మాగారానికీ వాటా ఉంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. పనుల కోసం తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు క్యాంప్-2 వంటి వాడలలో స్థిరపడ్డాయి. వారిలో ఉత్తరాంధ్రవారు గణనీయంగా ఉన్నారు. తాతలు కొలిమి పనికి వెళ్ళగా, మనుమలు దుర్గ్, రాయ్‌పూర్ విశ్వవిద్యాలయాల నుంచి బీఎస్సీ పట్టాలతో బయటకు వస్తున్నారు.

సముద్ర శాస్త్రం చదవదలచిన తెలుగు విద్యార్థికి మొదట స్ఫురించేది విశాఖపట్నమే. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విద్యార్థులను నౌకలపై బంగాళాఖాతంలోకి తీసుకువెళ్ళి పరిశోధన నేర్పారు. సముద్రగర్భంలో గుర్తించిన లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహాదేవన్ అక్కడి భూగర్భ శాస్త్ర ఆచార్యులు. కృష్ణ అప్పటి వైస్ చాన్సలర్. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1966లో గానీ ఏర్పడలేదు. అంటే దానికి పుష్కరకాలం ముందే విశాఖలో ఈ చదువుకు బీజం పడిందన్నమాట.

2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖ వందేభారత్ రైలు ప్రవేశపెట్టడంతో ప్రయాణం తేలికైంది. ప్రవేశ నిబంధనలు మాత్రం అంత తేలికగా లేవు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం విశ్వవిద్యాలయ సీట్లలో 85 శాతం స్థానికులకే చెందుతాయి. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండడం స్థానికతకు ప్రధానమైన కొలబద్ద. మిగిలిన 15 శాతానికి కూడా షరతులున్నాయి. విద్యార్థి గానీ, తల్లిదండ్రులలో ఒకరు గానీ రాష్ట్రంలో పదేళ్ళు నివసించి ఉండాలి. లేదా తల్లి గానీ తండ్రి గానీ రాష్ట్రంలోని ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల్లో ఉద్యోగి అయి ఉండాలి.

దీని పర్యవసానం విచిత్రం. విశాఖ ఉక్కులో పనిచేసే బీహార్ ఉద్యోగి సంతానం ఈ 15 శాతానికి పోటీపడవచ్చు. శ్రీకాకుళం నుంచి భిలాయ్ ఉక్కుకు వెళ్ళిన కార్మికుని మనుమడు, తల్లిదండ్రులు కూడా భిలాయ్‌లోనే పుట్టి పెరిగినవారైతే, పోటీపడలేడు. వెనుకబడిన తీరప్రాంత జిల్లాల విద్యార్థులకు రక్షణ కల్పించాలన్న ఉత్తర్వు ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. కానీ అదే జిల్లాల నుంచి పొట్టచేతపట్టుకుని వెళ్ళినవారి సంతతిని గురించి దానిలో ఆలోచన కనిపించదు.

కుల ధ్రువపత్రం మరో సమస్య. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు, స్వరాష్ట్రంలో ఉన్న షెడ్యూల్డు తెగ హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో చెల్లదని తీర్పు చెప్పింది. షెడ్యూల్డు కులాలకూ ఇదే సూత్రం వర్తిస్తున్నది. కేంద్ర సంస్థలలో మాత్రం స్వరాష్ట్ర జాబితా ప్రకారం పొందిన పత్రం పనికివస్తుంది. తండ్రికి అక్కడ జారీ అయిన పత్రం భద్రంగా ఉన్న కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. అది లేనివారు పూర్వీకుల గ్రామంలో రెవెన్యూ రికార్డులు వెతుక్కోవలసి వస్తుంది.

కాబట్టి స్థానికత ప్రసక్తి లేని కేంద్ర మార్గాలే ఈ విద్యార్థులకు ఆచరణ సాధ్యం. ఐఐటీల ఉమ్మడి పరీక్ష ‘జామ్’ ద్వారా భువనేశ్వర్ ఐఐటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల కోర్సులో చేరవచ్చు. ఎమ్మెస్సీ పూర్తయినవారికి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాల పేపరు ఉన్నది. అందులో ఫెలోషిప్ లభిస్తే గోవా సంస్థలో పరిశోధనకు దారి ఏర్పడుతుంది. ఇంజనీరింగ్ పట్టభద్రులు గేట్ ద్వారా మద్రాసు ఐఐటీలో ఓషన్ ఇంజనీరింగ్‌కు వెళ్ళవచ్చు. కేరళలోని కొచ్చిన్ విశ్వవిద్యాలయం సొంత పరీక్ష నిర్వహిస్తుంది.

అమెరికా వెళ్ళదలచినవారి లెక్క వేరు. అక్కడ పీహెచ్‌డీకి ఎంపికైనవారికి సాధారణంగా ఫీజు మినహాయింపు, నెలవారీ భృతి లభిస్తాయి. అయితే తన పరిశోధనలో చేర్చుకోవడానికి ఒక ఆచార్యుడు ముందుకు రావాలి. మూడు సిఫార్సు లేఖలు కావాలి. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలలోనే ముగుస్తాయి. స్వదేశంలో జామ్ దరఖాస్తుల స్వీకరణ సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో, పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతాయి. డిగ్రీ చివరి ఏడాది మొదలవుతూనే ధ్రువపత్రాల పని చేపడితే తప్ప ఈ గడువులు అందవు.