గాజుల పెట్టెకు పేరు

హైదరాబాదులో పెళ్ళి కుదిరిందంటే ముహూర్తం తరువాతి మాట లాడ్‌బజారు. చార్మినారుకు పడమరగా సాగే ఆ సందులో గంటసేపు బేరమాడి, చీర కొంగు పక్కన పెట్టి రంగు చూసుకుని, లక్కగాజులు తెచ్చుకుంటాం. తీరా ఇంటికి వచ్చాక పక్కింటావిడ “ఏ కొట్లో కొన్నారండీ?” అంటే నోరు తెరుస్తాం. “అదే, ఎడమచేతి వైపు, మూడోదో నాలుగోదో...” పెట్టెమీద చూద్దామంటే దానిమీద ఒక నెమలి తప్ప ఏమీ ఉండదు.

ఈ వారం నా గోడు ఆ నెమలిని గురించే.

అదే నెమలి మొన్న మాకు వచ్చిన శుభలేఖమీద ఉంది. అత్తరు సీసామీద ఉంది. మిఠాయి పెట్టెమీద కూడా తోక విప్పుకుని నిలుచుంది. అచ్చాఫీసు కుర్రవాడు కంప్యూటరులో సిద్ధంగా ఉన్న బొమ్మను తీసి అతికిస్తాడు, దానికి వేరే కూలి అడగడు. ఊరికే వచ్చేది పదిమందికీ వస్తుంది మరి!

మా ఇంట మూడు పెళ్ళిళ్ళకు గాజులిచ్చిన భాయి ఒకాయన ఉన్నాడు. ఒకసారి ఆయనతో, “పెట్టెమీద నీ కొట్టు పేరు అందంగా వ్రాయించు భాయీ, తెలిసినవాళ్ళ చేత” అన్నాను. ఆయన నవ్వేశాడు. “గాజు చూసి కొంటరమ్మా, డబ్బా చూసి కొంటరా? బొమ్మలేసేటోళ్ళకిచ్చే పైసలతో నాకు రాళ్ళొస్తయి.”

కొట్టిపారేయవలసిన మాట కాదది. లక్కను సెగమీద మెత్తబరిచి, సాగదీసి, వలయంగా చుట్టి, ఒక్కొక్క రాయినీ చేత్తో పొదగాలి. ఆ పనివాళ్ళకు కూలి ఇచ్చిన తరువాత కొట్టువాడికి మిగిలేది కొండంత ఏమీ కాదు. కాని పక్క బల్లమీద ప్లాస్టిక్ గాజులు అవే మెరుపులతో, అదే నెమలి పెట్టెలో కూర్చుని ఉన్నాయి. కొనేవారికి తేడా తెలిసేదెట్లా?

తెలియలేదు కూడాను. ఆ మధ్య మా మేనకోడలు భాయి కొట్టే అనుకుని మరో కొట్లో దూరి, లక్కవని చెబితే నమ్మి రెండు జతలు తెచ్చింది. చూస్తే ప్లాస్టిక్. ఆ సంగతి చెప్పగానే భాయి మొగం మాడిపోయింది. “నా పేరు మీద అమ్మిండా?”

“నీకు పేరెక్కడుంది భాయీ?” అన్నాను.

పేరూ బొమ్మా ఏం చేస్తాయో చూడడానికి అమెరికా పోనక్కరలేదు, మన ఇంటి అలమారా తెరిస్తే చాలు. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మన ఊళ్ళో జిందా తిలిస్మాత్ మొదలుపెట్టాడు. దానిమీద ఉన్నది ఆఫ్రికా యోధుడు. నిజాం కొలువులో ఆఫ్రికా సైనికులు ఉండేవారు. ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వారివల్ల వచ్చిందే. కండబలానికి వాళ్ళే గుర్తు. అక్షరం రాని ముసలమ్మ కూడా “ఆ నల్లాయన బొమ్మ సీసా తేరా” అని మనవణ్ణి పంపగలదు. నూరేళ్ళు దాటినా ఆ బొమ్మను వదలకపోవడంలో ఎంత తెలివి ఉందో చూడండి.

చార్మినారు బొమ్మ వేసుకుంటే పోలేదా అంటారేమో. నిజాం రూపాయిమీద అదే, వజీర్ సుల్తాన్ వారి సిగరెట్టుకు అదే, ఇంటికప్పు రేకులకూ అదే పేరు. అందులో భాయి గాజులను ఎవరు వెతకగలరు?

చివరకు మాసబ్‌ట్యాంకు లలితకళల విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఒక అమ్మాయికి పని అప్పగించాడు. 12,000 రూపాయలు అనేసరికి భాయి నావైపు చూసిన చూపు నేను మరచిపోను. ఆ పిల్ల రెండురోజులు గీతయినా గీయకుండా కొట్లో కూర్చుంది. ఎవరు కొంటున్నారు, పెట్టె ఏ సంచిలోకి పోతోంది, ఏ భాషలో అడుగుతున్నారు అని చూస్తూ ఉంది. “కూర్చున్నందుకా పైసలు?” అని భాయి నా చెవిలో గొణిగాడు.

పాతబస్తీలో పేరంటే మూడు లిపులు. చిక్కంతా అక్కడే ఉంది. ఉర్దూ నస్తాలీఖు కుడివైపు పైనుంచి ఎడమకు జారుతూ దిగుతుంది. ఇంగ్లీషు తాడు కట్టినట్టు తిన్నగా నడుస్తుంది. మన తెలుగుకేమో పైన గుడులు కావాలి, కింద వత్తులు కావాలి. మూడింటినీ ఒకే ఎత్తులో ఇరికిస్తే నలిగిపోయేది తెలుగే. మన బోర్డులమీద తెలుగు అంత బక్కచిక్కి ఎందుకుంటుందో నాకు అప్పుడు బోధపడింది. (తప్పులెందుకుంటాయో మాత్రం ఇంకా బోధపడలేదు.)

ఉర్దూ పేరుకు భాయిని ఛత్తాబజారు తీసుకుపోయింది. శుభలేఖలకూ అచ్చుపనికీ పేరుపడ్డ ఆ సందులో ఒకప్పుడు కాతిబులకు చేతినిండా పని. 1981లో నూరీ నస్తాలీఖు, 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఉర్దూ వ్రాత యంత్రంలోకి పోయింది, వాళ్ళలో చాలామందికి బేరం తగ్గింది. అక్కడ ఒక పెద్దాయన రెల్లు కలం చెక్కి, కలం మొనతో చుక్కలు పెట్టి అక్షరాల ఎత్తూ వెడల్పూ కొలిచి, పేరు పదిసార్లు వ్రాసి, అందులో ఒకటి ఏరి ఇచ్చాడు. భాయి దాన్ని చాలాసేపు చూశాడు. “మా నాయిన పేరు ఇంత మంచిగుంటదని నాకెర్కలేదు” అన్నాడు.

అచ్చాఫీసువాడు తన అలవాటు కొద్దీ తెలుగు అక్షరాలు సాగదీస్తే వత్తు కాస్తా పెట్టె మడతలోకి పోయింది. అమ్మాయి ఒప్పుకోక మళ్ళీ అమర్పించింది. ఇక నాలుగు రంగుల నెమలి పోయి ఒకే మెరూన్ రంగు వచ్చింది. అందువల్ల పెట్టె ఖర్చు పెరగకపోగా తగ్గింది. ఇది భాయి లెక్కలో లేని సంగతి!

బొమ్మ వేయించేవారికి రెండు మాటలు. డబ్బిచ్చినంత మాత్రాన బొమ్మపై హక్కు మీదైపోదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం అది సాధారణంగా గీసినవారిదే, కాబట్టి కాగితంమీద వ్రాయించి సంతకం పుచ్చుకోండి. ట్రేడ్‌మార్కు నమోదుకు చిన్న వ్యాపారులకు ఒక తరగతికి 4,500 రూపాయలు, అది పదేళ్ళు చెల్లుతుంది. అందరి నెమలినీ మాత్రం మీ ఒక్కరి పేర వ్రాయించుకోవడం జరిగే పని కాదు.

2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర పెట్టెమీద వేసుకోవాలంటే భాయి తన పేరు విడిగా చెన్నై రిజిస్ట్రీలో నమోదు చేయించుకోవాలి. కాగితాలు పంపాడు. అమ్మాయి కొత్త పెట్టెమీద కుడివైపు మూలన అగ్గిపెట్టెలో సగమంత చోటు ఖాళీగా వదిలింది. కొన్నవాళ్ళు అదేమిటని అడుగుతున్నారట. భాయి ప్రతివారికీ ఓపికగా చెబుతున్నాడు.