మన ఊళ్ళ పేర్లు, మనం చదవని పత్రికలు

2025లో లండన్ రాయల్ సొసైటీ వారి 'రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్' పత్రికలో ఒక కొత్త డైనోసార్ గురించి వ్యాసం వచ్చింది. సుమారు 22 కోట్ల ఏళ్ళ కిందట మన గోదావరి లోయలో వేటాడి బతికిన జంతువది. పేరు మలేరిరాప్టర్ కుట్టీ. 'మలేరి' మన పాత ఆదిలాబాద్ జిల్లాలోని పల్లె. ఆ ఊరి పేరే అక్కడి రాతిపొరలకూ పెట్టారు. 'కుట్టీ' అంటే కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తరఫున ఈ రాళ్ళలో ఏళ్ళ తరబడి వెతికిన టి.ఎస్. కుట్టీ. ఇంత ముచ్చట జరిగితే మంచిర్యాలలో, కరీంనగర్‌లో మనలో ఎంతమందికి తెలిసింది?

కందిపప్పు ధర వింటేనే గుండె గుభేలుమంటుంటే డైనోసార్ల గొడవ మనకెందుకమ్మా అంటారేమో! ఎందుకంటే, పిల్లలకు వేయించే టీకా పనిచేస్తుందనీ, ఫలానా ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుందనీ చెప్పే పరిశోధనలు నిలబడేదీ, ఈ ఎముక ఏ జంతువుదో చెప్పే పరిశోధన నిలబడేదీ ఒకే పరీక్షకు. 'శాస్త్రజ్ఞులు తేల్చారట' అంటూ ఫోన్లోకి రోజుకో కబురు వస్తోంది. ఏది నమ్మాలో, ఏది వదిలేయాలో తెలియాలంటే ఆ పరీక్షేమిటో మనకూ కాస్త తెలిసుండాలి.

గీటురాయి మీద పెట్టాకే...

బంగారం కొనేటప్పుడు షావుకారి మాట మీదే కొంటామా? గీటు పెట్టి చూపించమంటాం. శాస్త్ర పత్రికలదీ అదే దారి. ఒకరు వ్యాసం పంపితే సంపాదకుడు వెంటనే అచ్చేయడు. అదే విషయంలో ఆరితేరిన ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. వాళ్ళు తప్పులు వెతుకుతారు, ఆధారాలు చూపమంటారు, తిరగరాయమంటారు, పనికిరాదని తిప్పి పంపేస్తారు కూడా. దీన్నే పీర్ రివ్యూ అంటారు. ఇంత చేసినా వాళ్ళకు సాధారణంగా పైసా ఇవ్వరు. జీతం లేని చాకిరీ మనకేమైనా కొత్తా!

గీటు సరిగా పెట్టకపోతే ఏమవుతుంది? పంజాబ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఒకాయన హిమాలయాల్లో దొరికాయంటూ పాతికేళ్ళ పాటు శిలాజాల మీద వ్యాసాలు రాశారు. అందులో కొన్ని అచ్చం మొరాకోలో దొరికేవని, హిమాలయాలవి కావని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ 1989లో 'నేచర్' పత్రికలో బయటపెట్టాడు. మరుసటి ఏడాది ఆ గుట్టును మరింత వివరంగా అచ్చేసిన వాటిలో మన జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పత్రిక ఒకటి. ఇంటి గుట్టు రట్టవుతుందని మూసిపెట్టకుండా సొంత దేశపు తప్పును సొంత పత్రికలోనే వేశారు. నమ్మకం అనేది అలాగే నిలబడుతుంది.

అన్నీ మోసాలే ఉండవు, పొరపాట్లూ ఉంటాయి. 2021లో భీంబేట్కా గుహ పైకప్పు మీద యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన ప్రాణి అచ్చు దొరికిందన్నారు. వ్యాసం వచ్చింది, పేపర్లన్నీ రాశాయి. 2023లో ఇంకో బృందం వెళ్ళి చూస్తే అది పాడైపోయిన తేనెపట్టు గుర్తు! మొదట చెప్పినాయన కాదనకుండా ఒప్పుకున్నాడు. పరీక్ష అచ్చుతో ఆగదు, ఆ తర్వాతా నడుస్తుంది.

ఇక డబ్బు కడితే చాలు, పరీక్ష లేకుండా అచ్చేసే దుకాణాలూ ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ, పీర్ రివ్యూ చేస్తున్నామని చెప్పి చేయలేదనీ, కట్టాల్సిన సొమ్ము సంగతి ముందు దాచిపెట్టిందనీ అమెరికా కోర్టు 2019లో తేల్చి 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మన ఊరి పేరు పత్రికల లోకంలో ఇలాగా మోగాలి?

గోదారి ఒడ్డు నుంచి దూరదేశాలకు

మంచి పేరుతో మోగిన చరిత్ర మనకు చాలానే ఉంది. 1841లోనే డాక్టర్ వాకర్ అనే ఆయన ప్రాణహిత ఆవలి ఒడ్డున, సిరొంచ వైపున్న కోట గ్రామంలో బొగ్గు సంగతిని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. అక్కడి రాతిపొరలకు కోట పేరే నిలిచింది. ఆ లోయలో దొరికిన బారాపాసారస్ టాగోరిని 1975లో రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించారు. పెద్ద కాలు గలదని 'బారాపా', రవీంద్రుడి శతజయంతి ఏడాదిలో తవ్వకాలు జరిగాయని 'టాగోరి'.

ఇక యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో కనీసం 12 జంతువులవి 840 ఎముకలు బయటపడ్డాయి. పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం అదే. అంతకుముందు, 1984లో, ఆయనే జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పత్రికలో చిన్న చిన్న పళ్ళను బట్టి ఒక బుల్లి జీవిని వర్ణించి, ప్రాణహిత పేరు కలిపారు. రాక్షసబల్లుల కాళ్ళ సందున బిక్కుబిక్కుమంటూ తిరిగిన ఆ జీవి మనలాంటి పాలిచ్చే ప్రాణుల తొలి బంధువుల్లో ఒకటి. పెద్ద ఎముకల సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఈ చిన్నదే ఎక్కువ ముద్దు.

ఆడవాళ్ళు ఎక్కడున్నారు?

ఈ సొసైటీల వాకిళ్ళు మనకు అంత తొందరగా తెరుచుకోలేదు. రాయల్ సొసైటీ 1660లో పుట్టింది. ఆడవాళ్ళను సభ్యులుగా తీసుకున్నది 1945లో. మన జాతీయ సైన్స్ అకాడమీ పుట్టింది 1935లో. మొదటి మహిళా అధ్యక్షురాలు చంద్రిమా సాహా వచ్చింది 2020లో, అంటే 85 ఏళ్ళకు!

అయినా పని ఆగలేదు. 1957లో మహలనోబిస్ పిలిస్తే లండన్ నుంచి పమేలా రాబిన్సన్ వచ్చి కోల్‌కతాలో శిలాజాల పరిశోధనకు పునాది వేసింది. బారాపాసారస్ ఎముకలన్నిటినీ మళ్ళీ ఒక్కొక్కటిగా పరిశీలించి 2010లో వ్యాసం రాసిన నలుగురిలో శాశ్వతీ బందోపాధ్యాయ, సంఘమిత్రా రే ఉన్నారు. వాళ్ళ సరసన మన బెల్లంపల్లి పిల్లో, మంథని పిల్లో ఎందుకు ఉండకూడదు?

తాళంచెవి ఎవరి కొంగున?

ఉండాలంటే ముందు చదవగలగాలి కదా. పేరున్న విదేశీ పత్రికల్లో చాలావాటి చందాలు వింటే కళ్ళు తిరుగుతాయి. కేంద్రం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, దాదాపు 13,000 పత్రికలు. మంచిదే. కానీ ఆ ఆమోదం ప్రభుత్వ విద్యాసంస్థలకూ పరిశోధన సంస్థలకూ ఇచ్చింది. మన టౌన్లలో ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో చదివే ఆడపిల్లల సంగతేమిటి? చదువు ఆపేసి పెళ్ళయి ఇంట్లో ఉన్నా తెలుసుకోవాలనే కోరిక చావని మన సంగతేమిటి?

ఖరీదు లేని దారులు లేకపోలేదు. మలేరిరాప్టర్ వ్యాసం ఫోనున్న ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. బెంగుళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1996 నుంచి విద్యార్థుల కోసం తెస్తున్న 'రెసొనెన్స్' కూడా అంతే. పైసా కట్టకుండా పరీక్షకు నిలిచిన విషయం దొరికే చోట్లివి. కాకపోతే అంతా ఇంగ్లీషే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన మట్టి కథ లండన్‌లో అచ్చవుతుంది, ఎముకలు కోల్‌కతాలో, హైదరాబాద్‌లో ఉంటాయి, ఊళ్ళో మాత్రం ఒక బోర్డు కూడా ఉండదు. తెలియని వాళ్ళు ఆ రాళ్ళను కంకర చేసుకుంటే తప్పెవరిది?

ఈ లోయ మీద వ్యాసం అచ్చయిన ప్రతిసారీ తెలుగులో ఒక పేజీ సారాంశం ఇక్కడి బళ్ళకూ లైబ్రరీలకూ పంపితే ఏం పోతుంది? సొసైటీలనూ విశ్వవిద్యాలయాలనూ అడుగుదాం. అంతదాకా మనమూ ఒక పని చేయొచ్చు. 'సైంటిస్టులు చెప్పారట' అని ఎవరన్నా అంటే, 'ఏ పత్రికలో? ఎవరు పరీక్షించారు?' అని అడగడం పిల్లలకు నేర్పుదాం. బంగారం దుకాణంలో మనం ఎప్పుడూ అడిగే ప్రశ్నే కదా అది!