పట్నవాసమున నామోషీ ఖరీదు

ప్రతి సంవత్సరమును మా పాఠశాలనుండి పదవ తరగతి ముగించుకొని వెళ్లు బాలబాలికలలో అనేకులు, మరి కొన్నేండ్లకు పైచదువులు కూడ ముగించుకొని హైదరాబాదు చేరుచున్నారు. అమీర్‌పేటలో ఏదో యొక శిక్షణ పొంది, మాదాపూరునందో గచ్చిబౌలియందో చిన్న యుద్యోగమున కుదురుకొనుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు తప్పక మమ్ము చూడవత్తురు. వారి శుభ్రమైన దుస్తులను, చేతిలోని క్రొత్త ఫోనును చూచి మేమును సంతోషింతుము. “ఎట్లున్నావు నాయనా?” అని యడిగినచో, “బాగున్నాను, మాస్టరుగారూ” అని చెప్పుదురు. ఈ “బాగున్నాను” అను మాటను గురించియే ఈ యేడు మన పత్రికలో కొంచెము వ్రాయదలచితిమి.

మొన్నటి క్రిస్మసు సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడు. చక్రవడ్డీ లెక్క నల్లబల్లపై తప్పులేకుండ చేసినవాడు. చాలసేపు ఆ మాట ఈ మాట చెప్పి, లేచి వెళ్లబోవుచు గుమ్మమువద్ద నిలిచి, మూడువేల రూపాయలు బదులుగా నిప్పింపగలరా యని తలవంచుకొని యడిగెను. మేము వానిని మరల లోనికి పిలిచి, కాగితము కలము చేతికిచ్చి, నెలసరి జమాఖర్చు వ్రాయుమంటిమి. వాడు వ్రాసిన దిది. చేతికి వచ్చు జీతము 18,000 రూపాయలు. ఖర్చు:

హాస్టలు గది, మూడు పూటల భోజనము – 7,000
బస్సు పాసు – 1,400
ఆటోలు, ఎప్పుడైన మెట్రో – 600
ఫోను రీఛార్జి – 300
ఫోను కొన్న వాయిదా – 1,900
సబ్బులు, క్షవరము, మందులు – 800
టీ, తెప్పించుకొను భోజనము, స్నేహితుల విందులు – 2,800
ఇంటికి పంపునది – 5,000

మొత్తము 19,800. అనగా నెలకు 1,800 తక్కువ. ఎనిమిది నెలలలో ఆ లోటు 14,400 ఆయెను. దానిని వాడు ఫోనులోని అప్పు యాపులలో తెచ్చి పూడ్చుచు, ఒకదాని బాకీ తీర్చుటకు వేరొకదానిలో అప్పు చేయుచుండెను.

ఇందులో రెండు పద్దులు మాకు అర్థము కాలేదు. హాస్టలువారు మధ్యాహ్నమునకు డబ్బా కట్టి యిచ్చుచుండగా భోజనము తెప్పించుకొనుట యెందులకని యడిగితిమి. “అందరును ఫోనులో తెప్పించుకొని తినుచుండగా నే నొక్కడనే డబ్బా విప్పుట నామోషీగా నుండెను, మాస్టరుగారూ” అనెను. నెలాఖరున చేతిలో డబ్బు లేనప్పుడు మాత్రము మెట్లమీద ఒంటరిగా కూర్చుండి ఆ డబ్బా తినువాడట! ఇక ఇంటికి 5,000 పంపుట యేల? జీతము 25,000 అని తండ్రితో మొదటనే చెప్పియుండెను. చెప్పిన మాట నిలుపుకొనుటకు నెలనెలా పంపవలసి వచ్చెను.

అప్పు చేసి పప్పుకూడు తినువానిని మన పెద్దలు ఎగతాళి చేసిరి. ఈ బాలుడు అప్పు చేసి పప్పుకూడైనను తినలేదు, పరువు కొనెను. హైదరాబాదులో గది యద్దె ప్రియమే, ప్రయాణము ప్రియమే. కాని అన్నిటికంటె ఖరీదైన వస్తువు నామోషీ యని మా యభిప్రాయము.

ఇందుకు కొందరు, “జీతమే చాలనప్పుడు బాలుని తప్పు పట్టుట న్యాయమా?” అని యడుగుదురు. న్యాయము కాదు. వాని జమాఖర్చులో బస్సు పాసు పద్దునే చూడుడు. నగరమున సాధారణ బస్సు నెలపాసు 2025 జూనులో 1,150 రూపాయలనుండి 1,400 ఆయెను. దానికి ముందటి నెలలోనే మెట్రో రైలు చార్జీలు హెచ్చి, రాయితీ పోగా కనిష్ఠము 10 నుండి 11కును, గరిష్ఠము 60 నుండి 69కిని పెరిగెను. ఏప్రిలులో సరిగా వేసికొన్న లెక్క జూనునాటికి తప్పిపోయినచో, అది వేసికొన్నవాని దోషము కాదు. పొదుపును బోధించుట వేరు. తక్కువ జీతమును సమర్థించుట వేరు. పగలెల్ల పని చేయువానికి కడుపునిండ భోజనమును, మందులకు నాలుగు రూపాయలును మిగులని జీతమిచ్చు యజమాని తన లెక్కను తాను సరిచూచుకొనవలెను. అయినను, చాలని జీతమును చాలునని చెప్పుకొనుటవలన అది పెరుగదు. లోటు అట్లే యుండును. దానిపై వడ్డీ చేరును.

మరికొందరు ఖర్చు తగ్గించుమనగానే మొదట తిండి తగ్గింతురు. ఇది మిక్కిలి తప్పు. కుటుంబము ఎంత బీదదైన, దాని ఖర్చులో తిండికి పోవు భాగము అంత హెచ్చుగా నుండునని ఏంగెల్ అను జర్మను గణాంకవేత్త 1857లోనే చూపెను. కనుక బీదవాడు తిండిలో కోత పెట్టుకొన్నచో తన బలములోనే కోత పెట్టుకొన్నట్లు. కోత పెట్టవలసినది నామోషీకై చేయు ఖర్చులోనే. నగరములో చవుకగా దొరకు మంచి వస్తువులు లేకపోలేదు. 2014లో ఆరంభమై, 2025లో ఇందిరమ్మ క్యాంటీనులని పేరు మారిన ఐదు రూపాయల భోజనశాలలలో కూలివారితోపాటు చదువుకొన్నవారును వరుసలో నిలుచుచున్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసికొని వండుకొనువారికి ఎర్రగడ్డ, మెహిదీపట్నము మొదలగు చోట్ల రైతుబజారు లున్నవి. తెలంగాణ నివాసినులగు స్త్రీలకు 2023 డిసెంబరు 9వ తేదీనుండి నగరపు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితముగా ప్రయాణింప వీలు కలిగినది. వీనిని వాడుకొనుటలో చిన్నతన మేమున్నది?

అప్పు యాపులను గురించి ఒక హెచ్చరిక. 2020 డిసెంబరులో ఇట్టి యప్పుల వసూలుదారుల వేధింపులకు తాళలేక మన రాష్ట్రములోనే కొందరు ప్రాణములు తీసికొనిరి. వారిలో చదువుకొన్నవారును కలరు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకువారు నిబంధనలు చేసిరి. అప్పు సొమ్ము నేరుగా పుచ్చుకొనువాని బ్యాంకు ఖాతాలోనే పడవలెను. వడ్డీయు తక్కిన రుసుములును కలిపి సంవత్సరమునకు నూటికెంత పడునో ముందుగా వ్రాతమూలముగ చూపవలెను. ఆ పత్రము చూపని యాపును తాకరాదు. బెదిరింపు వచ్చినచో దాచిపెట్టక, పెద్దలతో చెప్పి పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. ఇచ్చటను ప్రాణములు తీసినది అప్పొక్కటే కాదు. నలుగురికి తెలియునను భయము.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి కలదు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో మాకు ఇంటినుండి వచ్చు సొమ్ము కొద్దియే. మా తల్లిగారికి చదువు రాదు. అయినను సెలవులకు వచ్చినపుడెల్ల మమ్ము ఎదుట కూర్చుండబెట్టుకొని, “ఏ పూట ఏమి తింటివి? దేని కెంత యిచ్చితివి?” అని యడుగుచుండెడిది. దుబారా చేసితిమని తెలిసినచో కొంచెము మందలించెడిది. పూట మానితిమని తెలిసినచో చాల మందలించెడిది. లెక్క యడుగుటలో ప్రేమ యెట్లుండునో మేము ఆమెవద్ద నేర్చుకొంటిమి. నేడు అనేక గృహములలో “ఎంత పంపెదవు?” అను ప్రశ్నయే గాని, “నీ కెంత మిగులుచున్నది?” అను ప్రశ్న వినబడుట లేదు. ప్రక్కయింటి కుర్రవాని జీతముతో పోల్చుట మాత్రము వినబడుచున్నది. అట్టి పోలిక విన్న బిడ్డ మరునాడు నిజము చెప్పునా?

మా తప్పును కూడ ఒప్పుకొందుము. ఆ బాలునికి చక్రవడ్డీ నేర్పినది మేమే. పుస్తకములోని వర్తకుని వడ్డీ లెక్క చేయించితిమి గాని, వాని సొంత జేబు లెక్క ఒక్కనాడైనను వ్రాయించలేదు. తొమ్మిదవ తరగతి పిల్లలు ఏటా ఒక నెల తమ యింటి జమాఖర్చును తల్లిదండ్రులతో కూర్చుండి వ్రాయవలెనని మా సూచన. దానికి మార్కులు వలదు. తరగతిలో చదివి వినిపింపను వలదు. ఇంటిలో అందరును ఒక కాగితమును చూచిరన్న చాలును.

పట్నము వెళ్లబోవు బాలబాలికలారా, మీకు చెప్పవలసినది కొంచెమే. మొదటి నెలనుండియు జీతమెంతో నిజము చెప్పుడు. ప్రతి రాత్రియు ఆనాటి ఖర్చు వ్రాసికొనుడు. ఫోను మీటి చెల్లించు సొమ్ము కంటికి కనబడదు గనుక దానిని మరింత శ్రద్ధగా వ్రాయుడు. డబ్బాను అందరి యెదుటను విప్పుడు. మీరు విప్పినచో, సిగ్గుచే దాచుకొన్న మరియొకడు మరునాడు తన డబ్బాను విప్పవచ్చును.

ఇక ఆ బాలుని సంగతి. ఆనాటి సాయంకాలమే మేము వానితో కూడ వారి యింటికి వెళ్లితిమి. తండ్రి ఆ కాగితమును రెండుమారులు చదివి చాలసేపు మాటాడలేదు. తుదకు, “ఒరే, ఈ మాట ముందే చెప్పినయెడల డబ్బు పంపవద్దనియే యందును గదరా” అనెను. తల్లి మాత్రము, “మెట్లమీద కూర్చుండి తింటివా?” అని కంట నీరు పెట్టుకొనెను. బాకీలు తీరువరకు ఇంటికి 2,000 మాత్రమే పంపవలెననియు, తెప్పించుకొను భోజనము మాని విందుల పద్దును 1,300కు దించవలెననియు అనుకొనిరి. అట్లు నెలకు 2,700 మిగిలి అప్పులకు పోవుచున్నది. మమ్మడిగిన మూడువేలతో వానికి పని లేకపోయెను. ఇప్పుడు ప్రతి నెల మొదటి తేదీని ఆ నెల లెక్కను ఫోనులో తండ్రికి పంపుచున్నాడట. తండ్రి మొదట చూచునది మొత్తము కాదు. మధ్యాహ్న భోజనమునకు ఎదురుగా “డబ్బా” అని యున్నదో లేదో యని.