రాజకుమారుడే ఎందుకు గెలువాలె? మన పిల్లల చేతికి ఏ మాయకథలు ఇయ్యాలె?

"మాయలు, మంత్రాల నవలలు మన పిలగాండ్లకు ఎందుకు సార్? అంబేద్కర్ జీవితం చదవనియ్యి, ఫూలే చదవనియ్యి. గంతే సాలు." పిల్లల పుస్తకాల ముచ్చట వచ్చినప్పుడల్లా సంఘంల ఎవరో ఒక కార్యకర్త ఈ మాట అంటనే ఉంటడు. ఆ మాటల కోపం ఉన్నది, న్యాయం కూడ ఉన్నది. మన తల్లిదండ్రులు అక్షరం కోసం ఎంత గోస పడ్డరో యాదికున్నోళ్లు, దొరికిన అక్షరాన్ని రాక్షసుల కథల మీద ఖర్చు పెట్టొద్దనుకుంటరు. కాని నేను ఈ మాటను ఒప్పుకోను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాక మన పిల్లలు తప్పకుండ మాయకథలు చదువాలె అంటున్న. ఏవి చదువాలె, ఎట్ల చదువాలె అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలె.

ముందుగాల ఒక సంగతి ఒప్పుకుందాం. మనం ఇచ్చినా ఇయ్యకున్నా పిల్లల తలల నిండ మాయకథలే ఉన్నయి. ఖానాపూర్, కడెం, ఉట్నూరు దిక్కు ఏ గూడేనికైనా, ఏ వాడకైనా పోయి అడుగుండ్రి. 'బాహుబలి' తెలువని పిలగాడు ఉండడు. 2015ల మొదటి భాగం వచ్చింది, 2017ల రెండోది వచ్చింది. ఈ రెండేండ్లు దేశమంత ఒక్కటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపిండు? అసలు కట్టప్ప ఇంకా బానిసగానే ఎందుకున్నడు అని అడిగినోళ్లు ఎంతమంది? తాతముత్తాతలు ఇచ్చిన మాటకు కట్టుబడి, సింహాసనం మీద ఎవడు కూసుంటె వానికి వంగి దండం పెట్టే మనిషిని చూపి, అదే విశ్వాసం, అదే గొప్పతనం అని చప్పట్లు కొట్టించిన్రు. యుద్ధానికి వచ్చిన కాలకేయులు నల్లగ ఉంటరు, వాళ్ల భాష ఎవరికీ అర్థం కాదు. వాళ్లను నరికితె టాకీసుల ఈలలు. ఆ ఈల వేసిన పిల్లల ఒంటి రంగేంది? ఇంట్ల మాట్లాడే భాషేంది?

కాబట్టి మాయకథ ఉండాల్నా వద్దా అన్నది ప్రశ్న కాదు. పిలగానికి దాన్ని ప్రశ్నించే తెలివి ఇస్తున్నమా లేదా అన్నదే ప్రశ్న. ఏ మాయకథ చేతికి వచ్చినా నాలుగు ప్రశ్నలు అడుగుమని నేను మా పిల్లలకు చెప్త. గెలిచినోడు ఎవడు? చెడ్డోడు చూడనీకి ఎట్లున్నడు? కథల పని చేసేటోళ్లు, నీళ్లు మోసేటోళ్లు, వంట చేసేటోళ్లు ఎవరు, వాళ్లకు పేర్లు ఉన్నయా? ఆఖరుకు రాజ్యం మారిందా, రాజు మాత్రమే మారిండా?

ఈ ప్రశ్నలు పట్టుకోని మొదలు 'చందమామ' దగ్గరికి పోదాం. 1947 జూలైల మద్రాసుల మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రాదు. కాని దాంట్ల వచ్చిన సీరియళ్లు పుస్తకాలుగ వచ్చినయి. 1954ల 'తోకచుక్క'తోని మొదలుపెట్టి 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'భల్లూక మాంత్రికుడు' దాక పన్నెండు సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. ఏండ్లకేండ్లు ఆయన పేరు అచ్చు వెయ్యకుండనే అవి నడిచినయి. లక్షల మంది చదివిన్రు, రాసినోడు ఎవడో తెలువదు. ఆయన తెలుగు చూడుండ్రి. చిన్న చిన్న వాక్యాలు, ప్రతి పేజీల ఒక ఆపద, ఒక ఉపాయం. చదువుడు భారమయ్యే పిలగానికి ఇంతకంటె మంచి మందు లేదు. ఆరు, ఏడు తరగతులోళ్లకు నేను మొదలు ఇచ్చేది ఇదే. మా వాడల చందమామ కొనే ఇల్లు ఒక్కటి లేకుండె. అట్టలు చినిగిన పాత సంచికలే చేతులు మారి మారి మా దగ్గరికి వచ్చేటియి. అవే మాకు తెలుగు నేర్పినయి. అయితె నాలుగు ప్రశ్నలు మరువొద్దు. ఆ రాజ్యాలల్ల ఊరవుతల వాడ ఎందుకు కనపడదు?

అదే పత్రికల నెలనెల వచ్చిన విక్రమార్కుని బొమ్మ యాదికి తెచ్చుకోండ్రి. రాజు చెట్టు మీది నుంచి శవాన్ని దించి, భుజం మీద వేసుకోని, కత్తి చేతబట్టి శ్మశానంల నడుస్తుంటడు. మన ఊర్లల్ల సావు కబురు మోసిందెవరు? డప్పు కొట్టిందెవరు? బొంద తవ్విందెవరు? సచ్చిన గొడ్డును ఈడ్చిందెవరు? శవాన్ని మోసిన రాజు ధీరుడు అయ్యిండు. ఆ శ్మశానంల తరతరాలు పని చేసినోళ్లు అంటరానోళ్లు అయిన్రు. ఒక్క పనికే రెండు పేర్లు ఎట్ల వచ్చినయి? ఈ ప్రశ్న తరగతిల వేసి చూడుండ్రి. కులం అంటే ఏందో చెప్పనీకి ఆ రోజు వేరే పాఠం అక్కరలేదు.

ఇగ రెండో అనుమానం. మంత్రాల కథలు చదివితె పిల్లలు మంత్రాలను నమ్ముతరు, మూఢనమ్మకాలు పెరుగుతయి అంటరు. ఇది చిన్న మాట కాదు. బాణామతి, చేతబడి పేరు మీద మన జిల్లాలల్ల పండ్లు పీకిన్రు, చెట్టుకు కట్టేసి కొట్టిన్రు, పానాలే తీసిన్రు. 2022 జనవరిల జగిత్యాలల మంత్రాలు చేస్తున్నరనే నెపంతోని తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపిన్రు. దెబ్బలు పడేది ఎక్కువగ బీదోళ్ల మీదనే, దిక్కులేని ముసలోళ్ల మీదనే. కాని ఆ చంపినోళ్లు నవలలు చదివి చంపలేదు. ఊర్ల ఒకరికి జ్వరమొస్తె కారణం తెలువక, దవాఖాన దూరమై, పాత పగలు మనసుల పెట్టుకోని చంపిన్రు. మంత్రగాడు కథల మనిషి, రచయిత కల్పించిన మనిషి అని చదువుకుంట తెలుసుకున్న పిలగాడు, పక్కింటి ముసలమ్మను మంత్రగత్తె అంటె "ఏదీ, రుజువు చూపెట్టు" అని అడుగుతడని నా ఆశ. ఆశ దానంతటది నెరవేరదు. చదివినంక కూసుండి మాట్లాడాలె.

ఆ మాటకు అక్కరకొచ్చే నవల ఒకటి ఉన్నది. అమెరికాల ఎల్. ఫ్రాంక్ బామ్ అనే ఆయన 1900ల రాసిన ఓజ్ మాంత్రికుని కథ. డొరొతీ అనే రైతు ఇంటి పిల్ల సుడిగాలికి కొట్టుకపోయి తెలువని దేశంల పడ్తది. ఇల్లు చేరాలంటె మహా మాంత్రికుని దగ్గరికి పోవాలె అంటరు. ఆయన ఉండే పట్నం అంత పచ్చల నగరం. లోపటికి పోయే ప్రతి మనిషికి పచ్చ కండ్లద్దాలు పెట్టి తాళం వేస్తరు. అందరికీ అంత పచ్చగనే కనపడేది అందుకే! ఆఖరుకు పిల్ల కుక్క తగిలి ఒక తెర పడిపోతది. దాని వెనుక మాంత్రికుడు లేడు, భయపడుతున్న ఒక మామూలు ముసలాయన ఉన్నడు. ఒకప్పుడు సర్కసుల బెలూన్ ఎక్కేటోడు. ఐదు నుంచి ఏడు తరగతుల పిల్లలకు ఈ కథ చెప్పి, మన ఊర్ల పచ్చ కండ్లద్దాలు ఏవి, తెరలెనుక ఎవరున్నరు అని అడుగుండ్రి. బాబాల పేర్లు వాళ్లే చెప్తరు.

ఎనిమిది, తొమ్మిది తరగతులోళ్లకు 'హారీ పోటర్'. ఇంగ్లీషుల 1997 నుంచి 2007 దాక ఏడు భాగాలు వచ్చినయి. మొదటిది 'పరుసవేది' పేరుతోని తెలుగుల కూడ వచ్చింది. సదువుకున్నోళ్ల ఇండ్లల్లో పిల్లలకు ఇది ఎప్పుడో తెలుసు, మన పిల్లలకే అందలేదు. కాని ఇది మన పిల్లలకే ఎక్కువ అర్థమయ్యే కథ. రెండో భాగంల హెర్మయొనీ అనే పిల్లను ఒకడు మురికి రక్తం అని తిడతడు. ఆమె తల్లిదండ్రులు మంత్రవిద్య లేని మామూలు మనుషులు. తరగతిల అందరికంటె బాగ చదివేది ఆ పిల్లనే, అయినా పుట్టుక పేరు పెట్టి తిడతరు. రిజర్వేషన్ సీటు అని మూతి తిప్పే మాట విన్న ఏ పిల్లకైనా ఇది కొత్త సంగతా?

అదే భాగంల డాబీ ఉన్నడు. పెద్దింట్ల తరతరాల వెట్టి. ఒంటి మీద బట్ట లేదు, పాత దిండు గలీబు చుట్టుకుంటడు. యజమానిని తప్పు అంటె తన తలను తానే గోడకు కొట్టుకోవాలె. యజమాని చేతి మీదుగ ఒక్క బట్ట అందితె వానికి విడుదల. ఒక మేజోడు వాన్ని విడిపిస్తది. నాలుగో భాగంల హెర్మయొనీ వెట్టి పోవాలె అని సంఘం పెడితె, తోటి పిల్లలు "వాళ్లకు ఆ పనే ఇష్టం" అని నవ్వుతరు. మన తాతలు దొర గడీల వెట్టి చేసినప్పుడు దొరలు చెప్పింది ఇదే మాట కాదా? కట్టప్పను, డాబీని పక్కపక్కన నిలబెట్టి మాట్లాడించుండ్రి. ఒకని బానిసతనాన్ని కథ మెచ్చుకుంటది, ఇంకొకని విడుదలకు సంబురపడ్తది. ఆ తేడా పట్టుకున్న పిల్ల ఇగ ఏ సినిమానూ గుడ్డిగ చూడది.

పదో తరగతికి వచ్చినోళ్లకు నా మనసుకు అన్నింటికంటె దగ్గరి నవల చెప్త. ఉర్సులా లె గ్విన్ అనే అమెరికా రచయిత్రి 1968ల రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. దాంట్ల వీరుడు రాజకుమారుడు కాదు. కొండ పల్లెల కంచుపని చేసేటాయన కొడుకు, తల్లి లేని పిల్లడు, మేకలు కాసేటోడు. ఒంటి రంగు గోధుమ, రాగి కలిసినట్టు. ఆ పల్లె మీదికి దోపిడికి వచ్చేటోళ్లే తెల్లోళ్లు. రచయిత్రి కావాలెనని అట్ల రాసింది. 2004ల దాన్ని టీవీల తీసినప్పుడు తెల్ల పిలగాన్ని వీరునిగ పెడితె, నా మనుషుల రంగు మార్చిన్రు అని ఆమె బహిరంగంగనే తప్పు పట్టింది.

ఆ లోకంల మంత్రమంటే పేరు. దేని అసలు పేరు తెలిస్తె దాని మీద అధికారం వస్తది. అందుకని ఎవడూ తన అసలు పేరు నమ్మినోళ్లకు తప్ప చెప్పడు. పేరు మీద అధికారం అంటే మనకు చెప్పాల్నా? రాజయ్యను రాజిగ అని, పోశమ్మను పోశి అని పిలిచిన నోర్లు మన ఊర్లల్ల ఎన్ని లేవు! ఆ పిలగాడు ఒకనాడు గర్వంతోని ఒక నల్లటి నీడను లోకంలకు వదులుతడు. అది ఎంబడి పడితె మొదలు ఉరుకుతడు. తరువాత ఎదురు తిరిగి దాన్నే తరుముతడు. భయపడి ఉరికేటోడు ఎదురు తిరిగే ఆ ఘట్టం మన పదో తరగతి పిల్లలు చదువాలె. ఇంగ్లీషు వచ్చిన టీచర్లు, డిగ్రీ పిల్లలు దాన్ని మన మాటల్ల చెప్పాలె.

ఇగ బయటి పుస్తకాలే సాలవు. మాయకథ మనకు పట్నం నుంచి రాలేదు. చిందోళ్లు ఆడే జాంబపురాణంల ఆదిజాంబవుడు భూమి కంటె ఆరు నెలల ముందే పుట్టిండు. లోకమే పుట్టకముందు పుట్టినోడు మా తాత అని చెప్పుకున్న జాతి మనది! ఎంత పెద్ద ఊహ అది! ఆ కథను ఊరూర ఆడిన నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ 2005ల కన్నుమూసింది. మన పక్క గూడేలల్ల ప్రధాన్‌లు కీక్రి వాయించుకుంట గోండుల లింగాల్ కథ పాడ్తరు. గుహల బందీలైన గోండు దేవతలను లింగాల్ విడిపిస్తడు. బండ జరిపి మనుషులను వెలుగులకు తెచ్చే ఆ కథ ఏ ఇంగ్లీషు నవలకు తక్కువ? కాని ఇవి పన్నెండేండ్ల పిలగాడు సంకల పెట్టుకోని పోయే పుస్తకం లెక్క, బొమ్మలతోని, ధారావాహిక నవలల్లెక్క రావాలె. రాయాల్సింది మన వాడల, గూడేల పుట్టి చదువుకున్న పిల్లలే.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. ప్రతి ఊరి అంబేద్కర్ సంఘంల ఒక పెట్టె పెట్టుండ్రి, పది పుస్తకాలతోని మొదలుపెట్టుండ్రి. బడిల బీరువాకు తాళం ఉంటె హెడ్మాస్టరును అడిగి తీపియ్యుండ్రి. పుస్తకం చినిగితె తిట్టొద్దు. చినిగిందంటె ఎవరో చదివిన్రన్నట్టు. ఐతారం నాడు ఒక గంట, చదువొచ్చిన పిల్ల పెద్దగ చదవాలె, రానోళ్లు వినాలె. తల్లులను కూడ కూసుండబెట్టుండ్రి. వాళ్లకు తెలిసిన కథలు నోటుబుక్కుల రాయించుండ్రి. హాస్టల్ వార్డెన్లు, గురుకులం టీచర్లు రాత్రి స్టడీ అవర్‌ల పావుగంట దీనికియ్యాలె.

అంబేద్కర్ చదివితె సాలు అనే అన్నకు ఒక్క మాట. 1927ల మహద్ చెరువుకు నడిచినోళ్లు ఆ నీళ్లను అంతకుముందు ఎన్నడూ ముట్టలేదు. ముట్టొచ్చు అని ముందుగాల మనసుల చూసినంకనే కాళ్లు కదిలినయి. ఇప్పుడు లేనిదాన్ని రేపు ఉండేదానిగ చూసే కన్ను పిల్లప్పుడే తెరుచుకోవాలె. మాయకథ ఆ కంటికి కసరత్తు. అంబేద్కర్ పుస్తకం పక్కనే దాన్ని పెట్టుండ్రి అన్నా, కిందికి నూకకుండ్రి. వచ్చే జూన్‌ల బడి తెరిచే నాటికి మీ ఊరి పెట్టెల ఏ పది పుస్తకాలు చేరినయో, ఏ కథకు మీ పిల్లలు ఏ ప్రశ్న వేసిన్రో ఈ పత్రికకు రాసి పంపుండ్రి.

జై భీమ్.