ముందు ఖాళీ పెట్టెకు ఒక మే నెల

పాముల్ని పెంచుకునే మోజు మన కాలేజీ కుర్రాళ్ళ దాకా వచ్చేసింది. బాల్ పైథాన్ వీడియోలు నాలుగు చూస్తే చాలు, మనవాడికి రెండు కోరికలు ఒకేసారి పుడతాయి. ఒకటి పాము కొనాలని, రెండోది దాని పెట్టె తానే కట్టాలని. ప్లైవుడ్, అద్దం, ఆర్డుయినో, ఒక రిలే, ఒక హీటర్ ఉంటే రెండు ఆదివారాల పని. ఆ ఉత్సాహాన్ని నేను కాదనను. కానీ కర్నూలు, కడప వైపు ఉండేవాళ్ళకు ఒక్క మాట చెప్పాలి: పెట్టెను ఖాళీగా ఒక మే నెలంతా నడిపి చూసేదాకా పాము ఊసెత్తొద్దు.

చట్టం సంగతి ముందే చెప్పుకుందాం. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము లాంటి మన నేల పాముల్ని ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ పామైతే 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇందులో బేరాల్లేవు.

ఇక అసలు విషయం. పాము ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. బయట వేడే దాని వేడి. అందుకే పెట్టెలో ఒక కొస 32 డిగ్రీల దగ్గర, రెండో కొస 26 దగ్గర ఉండాలంటారు. వేడి కావాలంటే అటు, చల్లదనం కావాలంటే ఇటు జరుగుతుంది. 35 దాటి చాలాసేపు ఉంటే ప్రాణానికే ముప్పు. అయితే మనం చదివే సలహాల్లో చాలావరకు చలిదేశాల వాళ్ళు రాసినవి. వాళ్ళ బాధంతా పెట్టెను ఎలా వెచ్చబెట్టాలన్నదే. మనకు కర్నూల్లో మే నెలలో 42 దాటడం వార్త కూడా కాదు.

ఇక్కడే మన సర్క్యూట్ తెల్లమొహం వేస్తుంది. 32 తగ్గితే హీటర్ ఆన్, దాటితే ఆఫ్. బాగుంది. మధ్యాహ్నం రెండింటికి గదే 38 ఉంటే? రిలే బుద్ధిగా ఆఫ్‌లో కూర్చుంటుంది. అంతకుమించి అది చేయగలిగిందేమీ లేదు. గది కన్నా చల్లగా పెట్టెలో ఒక మూల ఉండాలంటే ఎవరో ఒకరు అక్కడి వేడిని మోసుకుపోవాలి. ఫ్యాన్ పెడదామంటారా? ఫ్యాన్ మనల్ని చల్లబరిచేది చెమట వల్ల. పాముకు చెమట పట్టదు. దానికి ఫ్యానంటే వడగాలే. పెల్టియర్ పెడదామంటారా? 50 వాట్ల దాకా తాగి, లాగిన వేడిని మళ్ళీ అదే గదిలో వదులుతుంది. కరెంటు పోతే అదీ లేదు.

“అది ఆఫ్రికా పామే కదా, ఎండ దానికొక లెక్కా మామా?” అనేవాళ్ళున్నారు. అక్కడ కూడా అది పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుంటుంది. మన పాములు చేసేదీ అదే. మూడడుగుల లోతు మట్టికి పగలూ రాత్రీ తేడా పెద్దగా తెలియదు. వైరూ సెన్సరూ లేకుండా పుట్ట చేసే ఆ పనిని మన ప్లైవుడ్ పెట్టె చేయలేకపోతోంది.

మన సీమకు ఒక వరం కూడా ఉంది, పొడి గాలి. గాలి 42 డిగ్రీలుండి తేమ 20 శాతమే ఉంటే, తడిగుడ్డ దాదాపు 24 దాకా చల్లబడగలదు. మన కుండనీళ్ళ రహస్యం ఇదే. చల్లని కొసన పెట్టె బయట తడి గోనె చుట్టి గాలి తగలనిస్తే కొంత పని జరుగుతుంది. లోపలంతా తడిపితే మాత్రం పాము చర్మానికి జబ్బు. పెట్టె కింద బేతంచెర్ల బండ పరిస్తే అది రాత్రి చల్లదనాన్ని మధ్యాహ్నం దాకా కొంత నిలుపుతుంది. అదీ నీడ గదిలో, కింది అంతస్తులో ఉంటేనే. కాంక్రీటు స్లాబు కింద పై అంతస్తు గదైతే ఆ బండకు రాత్రి కూడా చల్లబడే వీలుండదు. పాత మట్టిమిద్దెలున్నవాళ్ళు అదృష్టవంతులు.

ఇవన్నీ ఎంతవరకు పనిచేస్తాయో కాగితం మీద తేలదు. రెండు కొసల్లో రెండు సెన్సర్లు పెట్టండి. డీహెచ్‌టీ 11 వద్దు, దానికి రెండు డిగ్రీల తేడా మామూలే. డీఎస్ 18బీ20 అయితే అర డిగ్రీలో ఉంటుంది. పది నిమిషాలకోసారి రాయించండి. ఒక మధ్యాహ్నం కావాలనే నాలుగు గంటలు మెయిన్ ఆపేయండి. సెలవులకు ఊరెళ్ళే వారం కూడా లెక్కలోకి రావాలి, ఆ వారం గోనె తడిపేదెవరు? నెలంతా చల్లని కొస 30 దాటకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

దాటితే పాము ఆలోచన మానేయడమే మర్యాద. ఎండ ఎక్కువైతే మనం వేపచెట్టు కిందికి పోతాం. మూత పెట్టిన పెట్టెలోని పాము ఎక్కడికి పోతుంది? ఖాళీ పెట్టె ఓడిపోతే అది ప్రాజెక్టు రిపోర్టులో ఒక పేరా. లోపల పాము ఉండగా ఓడిపోతే, మన ప్రయోగం ఖర్చు ఆ నోరులేని జీవి కట్టినట్టు.