మాత్ర మ్రింగుట అవిశ్వాసమా?

“ప్రార్థన ఉండగా పిచ్చి గోలీలెందుకు?” అను మాట మన పల్లె సంఘములలో ఇంకను వినబడుచున్నది. పలుకువారు చెడ్డవారు కారు. అయినను ఆ మాట ప్రాణము తీయగలదు. కనుక దానిని ఖండింపక తప్పదు.

మధుమేహమునకు దినదినము మాత్ర వేసికొను సంఘ పెద్దను అవిశ్వాసి యనము. మెదడు మాత్రము శరీరములోనిది కాదా? హిజ్కియా పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయుమన్నవాడు ప్రవక్తయైన యెషయాయే. లూకా వైద్యుడు.

ఇక రోగి మందు మానుటకు కారణములు లేకపోలేదు. నోరు ఎండును, చేతులు వణకును, ఒళ్లు పెరుగును. బోథ్ ప్రాంతమున ప్రత్తి చేనిలో కూలి చేయువానికి పగటి మత్తు చిన్న బాధయా? అతనిని మొండివాడని తిట్టుట అన్యాయము. వైద్యునితో చెప్పినయెడల మోతాదు సవరించుటకు, మందు మార్చుటకు వీలున్నది. దినదినము మ్రింగలేని కొందరికి నెలకొక సూది కూడ కలదు. మరికొందరికి తాము రోగులమని తెలియకపోవుటయే రోగ లక్షణము. వారిని వాదించి గెలువలేము, ఓర్పుతో తోడు నిలువవలెను.

అన్నిటికంటె మోసకరమైనది వేరొకటి. మందు ఆపిన మరునాడే జబ్బు తిరుగబెట్టదు. ముందు మత్తు వదలును, ప్రాణము హాయిగా తోచును. “చూచితిరా, గోలీలు లేకనే బాగయ్యెను!” అని మనము సాక్ష్యము చెప్పింతుము. వారములో నెలలో గడచి జబ్బు మరలినప్పుడు, మందు మాన్పించిన సంగతి మరచి, దయ్యమందుము, బాణామతి యందుము. తప్పు మనది, నింద రోగిది!

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థతకై తేబడి గొలుసులతో కట్టబడిన రోగులు 28 మంది అగ్నిలో మరణించిరి. అది పరుల తప్పని వేలు చూపకుడి. మందు మాన్పించి, రోగి రేగినప్పుడు త్రాడు వెదకు ప్రతి యింటికి అది హెచ్చరిక. గొలుసు వేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము నిషేధించినది.

సహోదరులారా, రోగికొరకు ప్రార్థించుడి. మందు మానుమని మాత్రము చెప్పకుడి. ఆదిలాబాదు ఆసుపత్రికి పోవుదినమున అతనితో ఒకరు బస్సెక్కుడి. దారి తోచనప్పుడు 14416కు ఫోను చేయుడి. తెలుగులోనే ఉచితముగా సలహా దొరకును. ఆదివారము గుడిలో అతడు కనబడినప్పుడు, “గోలీలు ఇంకెన్నాళ్లు?” అని అడుగక, “గోలీలతో ఏమైన బాధ యున్నదా?” అని అడుగుడి.